కసురుకునే ఓపిక

"గడచిన వారం రోజులలో మీకు భవిష్యత్తు పట్ల నిరాశాభావం కలిగినదా?"

అడిగి, డాక్టర్ అంజినమ్మ తల ఎత్తింది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న నబీ సాబ్ రెప్ప వాల్చకుండా ఆమెనే చూస్తున్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కనబడని గోళీనేదో నలుపుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు.

"ఏమి తల్లీ?" అన్నాడు చివరికి. ఆ గొంతు పైన తిరిగే ఫ్యాను చప్పుడులోనే మునిగిపోయింది.

అంజినమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి గట్టిగా. వరండాలో కూర్చున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

అది ఎనభై నాలుగు, మే నెల. ఆదోనిలో తనతో చదువుకున్న ఒక డాక్టరు తన నర్సింగ్ హోంలో ఒక గది వాడుకోమని ఇచ్చాడు. పొద్దుటినుంచీ అదే తంతు. పెద్దకడుబూరు నుంచి వచ్చిన మారెప్ప అనే రైతు మూడో ప్రశ్నకే లేచి నిలబడ్డాడు. "ఆ బావాలూ గీవాలూ నాకు తెల్దు తల్లీ. సెయ్యి అదరకుండా సెయ్యి, పోయి గుంటక తోలుకుంటా" అన్నాడు. కౌతాళం నుంచి వచ్చిన ముసలామె అన్నిటికీ కన్నడంలో ఏదో చెప్పి నవ్వింది. అందరూ వచ్చింది చెయ్యి చూపించుకోవడానికే. మనసు గురించి అడుగుతుంటే, వైద్యం తెలియక కాలక్షేపం చేస్తోంది కాబోలు అన్నట్టు చూశారు.

ఆ ప్రశ్నలను తెలుగులోకి దించినవాడు బెంగళూరులో ఎవరో పండితుడు. ఒక్క మాట మార్చినా పరిశోధన చెల్లదని అక్కడ ఆమె పైన ఉన్న ప్రొఫెసర్ మరీ మరీ చెప్పి పంపించాడు. అంజినమ్మ పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గం గుంట పక్కన. ఆ ఇంట్లో దిగులుపడనివాళ్ళు లేరు గానీ, 'నిరాశాభావం' అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఎం.డి. చేసి, డాక్టరేటు కూడా పూర్తిచేసి, ఆ తర్వాత దొరికిన రెండేళ్ళ ఫెలోషిప్ మీద ఆమె పట్టుకున్న అంశం ఇది. వణుకు రోగం వచ్చినవాళ్ళకు మనసు కూడా ఎందుకు కుంగుతుంది, తలకు కరెంటు పెట్టే చికిత్సతో ఆ కుంగుబాటు తగ్గుతుందా, లేదా? మన జిల్లా మనుషులయితే నాతో మనసు విప్పుతారని గొప్పగా చెప్పి వచ్చింది. ఇప్పుడు తన భాషే తనకు అడ్డం పడుతోంది.

పెన్సిల్ బల్ల మీద పడేసింది. "నబీ సాబన్నా, నీ మనసు ఎట్లుండాది? అది సెప్పు" అంది.

అతను తల తిప్పి వరండా అవతల ఎండకేసి చూశాడు.

"వాన పడినా ఒకటే, పడకపోయినా ఒకటే అయిపాయ తల్లీ" అన్నాడు.

పక్కన కూర్చున్న భార్య హుసేనమ్మ గిరుక్కున అతనివైపు తిరిగింది. "ఈ మాట నాతో ఎప్పుడన్నా సెప్పినాడా సూడమ్మా! రెండేండ్లుగా ఈయప్ప నోట్లోంచి నాలుగు మాటలు యానాడూ రాల్యా. కూడు పెడితే తింటాడు. పెట్టకపోతే అడగడు. పెండ్లికి పిలుసుకపోతే మొగం ఇట్ల పెట్టుకుని కూసుంటాడు. 'మీ ఆయప్పకు పొగరెక్కువయింది' అని మా వదిన నా మొగం మీదే అనె. దర్గాకు తీస్కపోయినా, ఆకుపసరు తాపినా, వాళ్ళెవరో సెప్పినారని పావురం కూర కూడా పెట్టినా. అందురూ సెయ్యి సెయ్యి అంటారు. సెయ్యి ఎట్ల పోతే ఏమమ్మా నాకు! అన్నం నేను కలిపి పెడతా. మనిషి యాడికి పోయినాడో అది సెప్పండి!"

పొద్దుటినుంచీ ఈ మాట కోసమే అంజినమ్మ కాచుక్కూర్చుంది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

నబీ సాబ్ పత్తి మండీలో వేలం పాడేవాడు. అతను పాట మొదలుపెడితే యార్డు బయట ఎద్దులు కూడా తల తిప్పేవని చెప్పుకునేవారు. ధర పెంచని షావుకార్ల మీద అప్పటికప్పుడు మాట కట్టి నవ్వించేవాడు, వాళ్ళు సిగ్గుపడి పెంచేవాళ్ళు. అట్లాంటివాడు ముందు నవ్వడం మానేశాడు. తర్వాత గొంతు తగ్గింది. మండీ వాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు. వేళ్ళు వణకడం మొదలయింది ఆ తర్వాతే.

"ఆ తర్వాతేనా అక్కా? బాగా గుర్తు తెచ్చుకో. సెయ్యి ముందా, దిగులు ముందా?"

"దిగులే ముందు. మొహర్రమప్పుడు పీర్లు సూసేకి రమ్మంటే గోడకు తిరిగి పండుకున్నాడు. అప్పటికి సెయ్యి బాగానే ఉండె."

అంజినమ్మ ఆ మాటను అట్లాగే బెంగళూరు తీసుకుపోయింది. ప్రొఫెసర్ మంచివాడే, పేరున్నవాడు, కానీ విన్నదానికంటే తను అనుకున్నదాన్ని ఎక్కువ నమ్మేవాడు. "పెళ్ళాలు చెప్పే తేదీలను నమ్ముకుంటే శాస్త్రం అవుతుందా? చెయ్యి వణికేవాడు దిగులుపడక నవ్వుతూ కూర్చుంటాడా? అది జబ్బు లక్షణం కాదమ్మా, మనిషి లక్షణం" అన్నాడు. ఏడాదిగా ఆమె ఇదే మాట వింటోంది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ వెళ్ళి, చెయ్యికి ఇచ్చిన కొత్త మాత్రలతో నబీ సాబ్ వేళ్ళు కొంత కుదుటపడ్డా మనిషి మారలేదని చెప్పింది. దిగులుకు ఇచ్చిన మాత్రలకు కళ్ళు తిరిగి పడిపోయాడనీ చెప్పింది. "సరే, కరెంటు చికిత్సకు అతను ఒప్పుకుంటే తీసుకురా" అన్నాడాయన. ఒప్పుకోడులే అన్న ధీమా ఆ గొంతులో వినబడింది.

ఆదోనిలో నబీ సాబ్ ఇంటికి వెళ్ళేసరికి అతని అన్న గఫూర్ సాబ్ గుమ్మంలోనే ఉన్నాడు. ఆయనది పరుపుల అంగడి. గడ్డంలో దూది పోగులు అట్లాగే అంటుకుని ఉన్నాయి.

"కరెంటు పెట్టేది పిచ్చోళ్ళకమ్మా. మా తమ్మునికి పిచ్చా?"

"పిచ్చి కాదన్నా. ముందు మత్తిచ్చి నిద్రపుచ్చుతాం, నొప్పి తెలీదు..."

"నిద్దరపుచ్చి ఏమి సేస్తారో ఎవురికి తెల్సు? రేపు బజార్లో 'నబీ సాబ్‌ని పిచ్చాసుపత్రికి తోలినారంట' అంటే ఏమి సెప్పల్ల నేను?"

"నువ్వేమీ సెప్పొద్దులే బావా" అంది హుసేనమ్మ లోపలినుంచి. "రెండేండ్లు ఈ గోడతో మాట్లాడింది నేను, నువ్వు కాదు."

"ఆడదానివి, నీకేం తెల్సు..."

"తెలీకనే డాక్టరమ్మను అడుగుతాండా!"

ఇద్దరి అరుపులకూ వీధిలో జనం చేరారు. ఎదురింటావిడ అయితే పీట వేసుకుని కూర్చుంది. అంజినమ్మ చెవులు మూసుకోవాలన్న కోరికను అణచుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. "అన్నా, వాళ్ళ సంగతి వదిలిపెట్టు. నువ్వేమంటావు?"

"వస్తా."

ఇంత సులభంగానా అని ఆమె గుండె ఎగిసింది. "అన్నీ తెలిసే వస్తానంటున్నావా?"

"సంపుతారన్నా వస్తా తల్లీ. నాకు ఒకటే."

నెలల తరబడి ఊరూరా తిరిగితే ఒక్కడు ఔనన్నాడు. ఆ ఔను కూడా పనికిరానిదే. చచ్చినా ఒకటే అనుకునేవాడి ఒప్పుదలను ఒప్పుదల అని ఎట్లా రాసుకోవడం? దాన్ని పట్టుకుని బెంగళూరు తీసుకుపోతే తనకూ, నిద్రపుచ్చి ఏదో చేస్తారని గఫూర్ సాబ్ భయపడే మనుషులకూ తేడా ఏముంది? "ఇప్పుడొద్దు. మళ్ళా వస్తా" అని లేచింది.

"ఇదేమి కత! వస్తానన్నా తీస్కపోవా?" హుసేనమ్మ వీధి మలుపు దాకా వెంటపడింది. "మీ సదువుకున్నోళ్ళతో సచ్చే సావు వచ్చిందమ్మా నాకు. కాదంటే ఒక బాద, ఔనంటే ఇంగో బాద!"

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అంజినమ్మ తనను తనే తిట్టుకుంది. ప్రొఫెసర్‌నూ, పండితుణ్ణీ, గఫూర్ సాబ్‌నూ కూడా వదలలేదు.

తర్వాత ఆమె చాలాసార్లు వెళ్ళింది. పోయిన ప్రతిసారీ చికిత్స గురించి మొదటినుంచీ చెప్పేది, తిరిగి తనకు చెప్పమనేది. నబీ సాబ్ మెల్లగా అప్పజెప్పేవాడు. "నిద్దరపుచ్చుతారు. తలకు కరెంటు పెడతారు. లేపుతారు. కొన్నాళ్ళు మతిమరుపు ఉంటాది." వద్దంటే ఆపేస్తామని చెప్పింది. తల ఊపాడు. ఇన్ని తెలిసినా, అతనికి ఏదైనా కావాలని ఉందా అన్నది మాత్రం ఆమెకు అంతుపట్టలేదు.

ఒకనాడు హుసేనమ్మ అతని పంచె మీద చారు ఒలకబోసింది. అయ్యో అని గుడ్డ కోసం లోపలికి పరిగెత్తింది. నబీ సాబ్ తడిసిన పంచెకేసి చూసి, లోపలికి చూశాడు.

"ముందయితే దీన్ని కసురుకుంటాంటి" అన్నాడు అంజినమ్మతో. "ఇప్పుడు కసురుకునే ఓపిక ల్యా. అది ఉంటే బాగుండు తల్లీ. ఇది పాపం, ఒంటరిగా అరుసుకుంటాది."

అంజినమ్మ అతని వణికే చేతిని పట్టుకుంది. "దానికోసం వస్తావా అన్నా?"

"దానికోసరమయితే వస్తా" అన్నాడు.

ఆ మాటను ఆమె ఒప్పుదలగా తీసుకుంది. గుంతకల్లులో రైలు మారి ముగ్గురూ బెంగళూరు చేరారు. గఫూర్ సాబ్ స్టేషన్‌కు రాలేదు గానీ, తమ్ముడు పడుకోవడానికి కొత్త పరుపు కుట్టి పంపించాడు. ఆ పరుపును మోసుకుంటూ రైలు మారడం ఇంకో నరకం.

చికిత్స రోజు విడిచి రోజు. మొదటి రెండుసార్లకు ఏమీ జరగలేదు. మూడోసారి తర్వాత మెలకువ వచ్చి హుసేనమ్మను "అమ్మా" అని పిలిచాడు. సాయంత్రమయినా అదే పిలుపు. మరుసటి రోజు తమ ఊరేదో చెప్పలేకపోయాడు. హుసేనమ్మ వరండాలో అంజినమ్మ కొంగు పట్టుకుని ఆపేసింది. "మాట్లాడనోన్ని తెస్తే, మతి ల్యానోన్ని సేసినారు కదమ్మా! మా బావకు ఏమి మొగం పెట్టుకుని సెప్పల్ల?"

తగ్గుతుందని పుస్తకాల్లో ఉంది. తగ్గుతుందని అంజినమ్మ చెప్పింది కూడా. అయినా చికిత్స ఆపించింది. నాలుగు రోజులకు అతనికి ఊరి పేరు గుర్తొచ్చాక, మళ్ళీ అడిగి, అతను సరేనన్నాకే మొదలుపెట్టించింది. ఆలస్యానికి ప్రొఫెసర్ విసుక్కున్నాడు. ఈసారి ఆమె కూడా విసుక్కుంది.

అయిదోసారి అయిన మరునాడు వార్డులోంచి పెద్దగా కేకలు వినబడితే అంజినమ్మ పరిగెత్తింది. నబీ సాబ్ మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. చేతిలో ఆసుపత్రి పళ్ళెం ఉంది. "ఇది ముద్దా, సున్నమా? రెండు వారాలుగా ఇది నాకు పెడతాంటే నువ్వేమి సేస్తాండావే? ఒక జొన్నరొట్టె కాల్సేకి నీకు సెయ్యి రాలేదా?"

హుసేనమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. మరుక్షణం ముక్కు చీది ఎదురు తిరిగింది. "ఆసుపత్రిలో పొయ్యి యాడ పెట్టల్లప్పా, నీ నెత్తి మీదనా?" వార్డంతా నవ్వారు. నబీ సాబ్ ముఖంలో కూడా ఏదో కదిలింది. అంజినమ్మకు పళ్ళెం కేసి చూస్తే తెలిసింది, అది వణకడం లేదు.

ఆ మధ్యాహ్నం ప్రొఫెసర్ విద్యార్థులందరినీ వెంటేసుకుని వచ్చాడు. "చేతులు చాపు. వేళ్ళు తాటించు. లేచి నడువు." నబీ సాబ్ అన్నీ చేశాడు. "అద్భుతం" అన్నాడాయన.

"సార్, మాట్లాడించి చూడండి. నవ్వుతున్నాడు" అంది అంజినమ్మ.

"చెయ్యి బాగయింది కాబట్టి నవ్వుతున్నాడు" అని ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాడు. అంజినమ్మ అక్కడే నిలబడి, చేతిలో ఉన్న కాగితాలను నలిపేయకుండా ఉండటానికి గట్టి ప్రయత్నమే చేసింది.

ఆదోనిలో దిగిన రోజునుంచీ నబీ సాబ్ చెయ్యి చూడటానికి జనం వచ్చారు. మండీ వాళ్ళు పిలిచి ఒకనాడు వేలం పాడించారు కూడా. గొంతు పాతంత లేదు గానీ మాట కట్టడం మరచిపోలేదు. తను చేసుకున్న మొక్కుబడి వల్లే నయమయిందని గఫూర్ సాబ్ అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. మారెప్ప మళ్ళీ వచ్చి, "నాకూ ఆ కరెంటు పెట్టి సెయ్యి బాగు సెయ్యి" అని భీష్మించుకున్నాడు. అతనికి దిగులు లేదనీ, ఇది చెయ్యి కోసం చేసే వైద్యం కాదనీ చెప్పీ చెప్పీ అంజినమ్మ నోరెండిపోయింది. "దిగులు కావల్లంటే తెచ్చుకుంటాలే తల్లీ" అన్నాడు మారెప్ప.

చలికాలం వచ్చేసరికి వణుకు తిరిగి వచ్చింది. ముందు ఒక వేలు, తర్వాత చెయ్యంతా. 'కరెంటు దిగిపోయింది' అన్నారు బజార్లో. ప్రొఫెసర్ దగ్గరినుంచి కబురు వచ్చింది. త్వరలో పెద్ద సభ ఉంది, చికిత్సకు ముందూ తర్వాతా చెయ్యి ఎట్లా ఉందో సినిమా తీసి చూపిద్దాం, అతన్ని మళ్ళీ తీసుకురా అని.

అంజినమ్మ ఆదోని వెళ్ళింది. నబీ సాబ్ గడప మీద కూర్చుని, వణికే చేత్తోనే శనక్కాయలు వలవబోయి, సగం కిందపోసి భార్య చేత తిట్లు తింటున్నాడు. తిరిగి తిడుతున్నాడు కూడా. విషయం చెప్పింది.

"సెయ్యి కోసరమా? రాను" అన్నాడు.

"ఆలోచించు అన్నా. చెయ్యి కొన్నాళ్ళు మళ్ళా బాగుంటాది."

"ఏమి ఆలోసన? పెండ్లామెవురో అమ్మ ఎవురో తెలీకుండా పాయ నాకు ఆ నాలుగు దినాలు. మా ఊరు పేరు నా నోటికి రాల్యా. సెయ్యి కోసరం అంత పోగొట్టుకోల్లంటే ఎట్ల తల్లీ? వణికితే వణకనీ. మీ సారుకు సినిమా కావల్లంటే టాకీసుకు పోమను."

అంజినమ్మకు ఏడుపు వచ్చినంత పనయింది. ఉన్న ఒక్క మనిషీ చెయ్యి జారిపోయాడు. బెంగళూరు వెళ్ళి ఏం చెప్పాలి? బస్సు పెద్దతుంబళం దాటాక గానీ ఆమెకు తను విన్నదేమిటో తట్టలేదు. చంపుతారన్నా వస్తానన్నవాడు ఇప్పుడు తన ఊరి పేరు పోగొట్టుకోనంటున్నాడు. చెయ్యి అంతకుముందు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. దిగులు మాత్రం తిరిగి రాలేదు. చెయ్యి వణికినందుకే దిగులయితే, ఈపాటికి అతను గోడకు తిరిగి పడుకుని ఉండాలి కదా?

అదే ప్రొఫెసర్‌తో చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆలోచించాడనే అనాలి. "ఒక్కడు" అన్నాడు చివరికి.

"ఔను సార్. ఒక్కడే. మిగతావాళ్ళను మీ పండితుడు తరిమేశాడు."

ఆయన నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. ప్రశ్నలను ఆమె భాషలో మళ్ళీ రాసుకోవడానికి ఒప్పుకున్నాడు. సినిమా లేకుండానే హైదరాబాదు సభలో ఆమె నబీ సాబ్ గురించీ, ఆ తర్వాత ఒప్పుకున్న ఇంకో ఇద్దరి గురించీ మాట్లాడింది. ఆ ఇద్దరిలో ఒకరికి దిగులు తగ్గింది, ఒకరికి ఏ మార్పూ రాలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పింది. ముగించగానే ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, "అయితే చెయ్యి మళ్ళీ వణుకుతోంది కాబట్టి చికిత్స విఫలమయినట్టే గదా?" అన్నాడు. అంజినమ్మ మంచినీళ్ళు తాగి, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.

ఫెలోషిప్ ముగిశాక ఆమె కర్నూలులో ఉద్యోగంలో చేరింది. ఎనభై ఏడు వానాకాలంలో ఒక ఉదయం వరండాలో నబీ సాబ్, హుసేనమ్మ కనబడ్డారు. మనిషి బాగా వంగిపోయాడు, అడుగులు చిన్నవయ్యాయి. గొంతు మళ్ళీ సన్నబడింది.

"ఏమక్కా, ఎన్నాళ్ళనుంచి?" అని అంజినమ్మ హుసేనమ్మను అడిగింది.

"నన్నడుగుతావేమి? నాకు తెలీనే తెల్దు. ఈయప్పే బయల్దేరదీసినాడు."

నబీ సాబ్ తలెత్తాడు. "ఆ దిగులు మళ్ళా మొదులయింది తల్లీ. పది దినాలుగా ఏమీ రుసించల్యా. ముందటిసారి అది నేనే అనుకుంటి. ఇది రోగం. దీనికయితే పెట్టించుకుంటా, సెయ్యికి కాదు. నిన్ననే మా యన్నకు కూడా సెప్పి వచ్చినా."

"ఆయప్ప ఏమన్నాడు?"

"పరుపు కుట్టిస్తానన్నాడు" అంది హుసేనమ్మ విసుగ్గా. "కర్నూల్లో మంచాలుంటాయి బావా అంటే ఇంటాడా! అదిగో, బయట రిక్షాలో ఉండాది. ఎవురినన్నా పిలిసి దింపించమ్మా, ముందు."

అంజినమ్మ వార్డుబాయిని కేకేసి, తను కూడా మెట్లు దిగింది.